కాళ్ళు కడిగే గురువారం

మా చర్చిలో కాళ్ళు కడిగే ఆచారం నేను పుట్టకముందు నుంచీ ఉంది. శుభ శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం పాస్టరు అయ్యగారు నడుముకు తెల్ల తువ్వాలు చుట్టుకుని, ఇత్తడి బేసిన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సంఘంలో పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. యేసు ప్రభువు తన శిష్యులకు చేసినట్టే. వినడానికి కన్నీళ్ళొచ్చేంత బాగుంటుంది. అసలు సంగతేమిటంటే ఆ పన్నెండు మందీ ఇంట్లో ముందే సబ్బు పెట్టి తోముకుని, గోళ్ళు తీసుకుని, కొందరైతే పౌడరు కూడా రాసుకుని వస్తారు. సంఘపెద్ద జయరాజ్ సారు నిజామాబాద్ వెళ్ళి పార్లర్‌లో కాళ్ళు బాగు చేయించుకుని వస్తాడని మా స్త్రీల కూటంలో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. నిజమో కాదో నాకు తెలియదు. బేసిన్‌లో పోసిన నీళ్ళు మాత్రం ఎంత తేటగా పోస్తారో అంత తేటగానే బయట పారబోసేవారు. కడగాల్సిన అవసరం ఉన్న కాలు ఒక్కటి కూడా ఆ బేసిన్ దాకా వచ్చింది లేదు.

నేను టైలరును. ఆర్మూర్‌లో పెర్కిట్ వైపు వెళ్ళే రోడ్డు మీద నా షాపు. డిగ్రీ చదివి మిషను తొక్కుతోందని మా నాన్న పోయేదాకా బాధపడ్డాడు. నా నోరు మంచిది కాదని చర్చిలో అందరికీ తెలుసు. అయినా బట్టలు కుట్టించుకోవడానికి నా దగ్గరికే వస్తారు, ఎందుకంటే చెప్పిన రోజుకు ఇస్తాను.

నా షాపు వెనక సందులో సువర్ణ, ఆమె అత్త రత్నవ్వ ఉండేవాళ్ళు. సువర్ణ భర్త జాన్ షార్జాలో బిల్డింగులకు రంగులు వేసే పనిలో ఉన్నాడు. పిల్లలు లేరు. దాని కోసం కూడా మా చర్చిలో చాలా ప్రార్థనలు జరిగాయి, చాలామంది ఆమె తల మీద చేతులు పెట్టారు. సువర్ణ రామకిష్టయ్య సేటు పసుపు గోదాములో పనికి వెళ్ళేది. పసుపు కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి దుంప మండలు ఒక పక్కకు ఏరడం, పాలిష్ పట్టాక రాలిన పొడి ఊడ్చడం, బస్తాలకు ఎత్తడం. ఆర్మూర్‌లో సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా ఈ పని చేసే ఆడవాళ్ళను చూస్తే వెంటనే గుర్తుపట్టవచ్చు. చేతులు, కాళ్ళు, గోళ్ళ సందులు, చీర అంచులు అన్నీ పసుపే.

అందుకే వాళ్ళకు మా చర్చిలో ఒక బెంచీ ఉంది. చర్చిని బాగుచేయించి కింద తెల్ల టైల్స్ వేయించినప్పుడు, కుర్చీలకు కూడా తెల్ల కవర్లు తొడిగించారు. ఆ ఏడాది సీజన్లో పసుపు పని చేసే ఆడవాళ్ళు కూర్చుని లేచిన చోటల్లా మరకలు పడ్డాయి. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తీర్మానం కూడా ఏమీ చేయలేదు. పాత చర్చి నుంచి మిగిలిన ఒక చెక్క బెంచీ తెచ్చి చివర, తలుపు పక్కన వేశారు, అంతే. ఆ తర్వాత వాళ్ళు లోపలికి రాగానే గంట కొట్టే మత్తయి చెయ్యి అటు చూపించేది. పిల్లలు దానికి పసుపు బెంచీ అని పేరు పెట్టారు. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి కూడా వాళ్ళు అందరి తర్వాతే లేచేవారు. సీజను అయిపోయి రంగు పోయాక ముందుకు వచ్చి కూర్చోవచ్చు, ఎవరూ వద్దనరు. కానీ అప్పటికి వాళ్ళకు ఆ బెంచీయే అలవాటైపోయేది.

"ఇన్నేండ్ల సంది చర్చికి వస్తున్న గానీ అక్కా, ముంగట ఏం జరుగుతదో నేను చూసింది లేదు. అందరి జడలు, అందరి బట్టతలలు చూసిన," అని ఒకసారి సువర్ణ నాతో అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

దయాకర్ అయ్యగారు మా చర్చికి కొత్తగా వచ్చారు. వయసు తక్కువ. ఇది మా దగ్గర ఆయనకు మొదటి లెంటు. ఈస్టరుకు ముందు ఉపవాసాల రోజులు మొదలైన ఆదివారం ఆయన ప్రసంగం ముగించి, ఒక నిమిషం ఆగి ఇలా అన్నారు: "ఈసారి కాళ్ళు కడిగే పన్నెండు మందిల ఒకరు ఆఖరి బెంచీ నుంచి ఉంటరు. ఎవరనేది ఆ బెంచీయే చెప్పాలె."

ముందు వరసలో జయరాజ్ సారు గొంతు సవరించుకున్నారు. వెనక బెంచీలో గుసగుసలు, తోపులాటలు. ఆఖరికి అందరూ కలిసి సువర్ణను లేపి నిలబెట్టారు. చర్చి ఆరాధన ఫోన్లో లైవ్ వస్తుంది కదా, జాన్ ప్రతి వారం అక్కడ కూర్చుని చూస్తాడు కదా, అందుకని ఆమెనే పొమ్మన్నారు. తల మీద కొంగు సర్దుకుంటూ నిలబడ్డ సువర్ణ ముఖం ఆ రోజు చూడాల్సింది. పెళ్ళి రోజు కూడా ఆ పిల్ల అంత సిగ్గుపడి ఉండదు.

ఆ సాయంత్రమే జాన్‌కు చెప్పింది. అతను తన రూములో ఉన్న వాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళలో మనవాళ్ళే కాదు, బీహారు వాళ్ళు, నేపాలు వాళ్ళు కూడా ఉన్నారట. గురువారం రాత్రి డ్యూటీ మార్పించుకుని అందరం కలిసి చూస్తామన్నాడట. సువర్ణ అదే మాట నాకు మూడుసార్లు చెప్పింది, నేను ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టు విన్నాను.

అప్పట్నుంచి ఆ పిల్లకు ఒకటే ధ్యాస. గురువారం నాటికి కాళ్ళ మీద పసుపు పోవాలి.

మొదట్లో నిమ్మచెక్కలతో రుద్దింది. తర్వాత చింతపండు. తర్వాత కుంకుడురసం, శనగపిండి, కొబ్బరినూనె. ఎవరో చెప్పారని కిరోసిన్ గుడ్డతో తుడిచింది. పని నుంచి వచ్చి సందులో బండ మీద కూర్చుని, పొద్దు గుంకేదాకా కాళ్ళు తోముకుంటూ ఉండేది. మధ్యలో రెండు రోజులు జ్వరం వచ్చింది. మెడికల్ షాపులో గోలీలు తెచ్చుకుని వేసుకుంది, జ్వరం తగ్గింది. ఒళ్ళంతా దురద అనేది. పసుపు దుమ్ములో పని చేసే వాళ్ళకు దురద కొత్తదా? కడుపులో తిప్పుతోందనేది. ఉపవాసాల రోజులు, ఖాళీ కడుపున ఎండలో పని, తిప్పక ఏం చేస్తుంది? అన్నిటికీ మా దగ్గర జవాబు ఉంది.

గురువారం కోసం తెల్ల చీర కొనుక్కుని, రవిక కుట్టమని తెచ్చింది. కొలత కోసం పాత రవిక తొడిగి చూస్తే భుజాల దగ్గర జారిపోతోంది.

"ఏందే గింత చిక్కినవు?" అన్నాను.

"ఉపవాసాలు గదా అక్కా. అసలు ఆకలే అయితలేదు. ఈ ఏడు దేవుడు నాకు ఉపవాసం మస్తు సులువు చేసిండు," అంది సంతోషంగా.

ఆ మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

ఇక పది రోజులే ఉన్నాయనగా సేటుకు చెప్పి పనికి పోవడం మానేసింది. పసుపు ముట్టుకోకపోతే ఏ ఏడాదైనా నాలుగైదు రోజుల్లో రంగు పలచబడుతుంది. ఈసారి పలచబడలేదు సరికదా, ఇంకా చిక్కబడినట్టు కనిపించింది. రత్నవ్వ కోడలి కాలు చేతిలోకి తీసుకుని బొటనవేలితో గీసి చూసింది. "ఈ ఏడు పంటకు రంగు మస్తున్నదట గదనే. సేటే అన్నడట, గింత రంగు ఎన్నడు చూడలేదని. గందుకే పట్టుకున్నది, పోతలేదు," అంది. నేను కూడా తలూపాను. ఆర్మూర్‌లో పుట్టిపెరిగిన వాళ్ళం మేము. మనిషి పచ్చగా కనిపిస్తే పసుపు కాక ఇంకోటి తోచేది ఎవరికి? ఆఖరికి సువర్ణ గిన్నెలు తోమే పీచు పట్టుకుంది. మడమల దగ్గర తోలు లేచి ఎర్రగా కనిపించింది, ఆ ఎరుపు చుట్టూ మళ్ళీ అదే రంగు.

మట్టల ఆదివారం వచ్చింది. ఈత మట్టలు పట్టుకుని పాడుతూ అందరం చర్చి చుట్టూ తిరిగి లోపలికి వచ్చాం. ఆ గుంపులో సువర్ణ కూడా మొట్టమొదటిసారి అందరితో పాటే బలిపీఠం మెట్టు దాకా వచ్చింది. చెప్పులు లేని కాళ్ళు తెల్ల టైల్స్ మీద. జయరాజ్ సారు చూపు ఆ కాళ్ళ మీద పడి అక్కడే ఆగిపోవడం నేను చూశాను.

ఆరాధన అయ్యాక, కుట్లు విప్పి సరిచేసిన అయ్యగారి ఆరాధన అంగీ ఇవ్వడానికి నేను పక్క గదిలోకి వెళ్ళాను. జయరాజ్ సారు అక్కడే ఉన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరికి జ్వరమొచ్చినా ఇంటికి పండ్లు పంపే మనిషి. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని, నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"అయ్యగారూ, నాకేం లేదు," అన్నారాయన. "మన బిడ్డనే. కానీ లైవ్‌ల ఎక్కడెక్కడి నుంచో చూస్తరు. ఆమె కాళ్ళు బేసిన్‌ల పెడితే నీళ్ళు పచ్చగైతయి. పండుగ పూట చర్చిల పసుపు నీళ్ళేందని అడుగుతరు. దానికి వేరే అర్థం పోతది. తెల్ల తువ్వాల పసుపైతది. మనమే నలుగుర్ల నవ్వులపాలైతం."

"బేసిను పెట్టేదే కడగనీకి గదా సార్?" అన్నాను నేను.

"నువ్వు జర ఊకో అమ్మా. పెద్దోళ్ళం మాట్లాడుకుంటున్నం."

దయాకర్ అయ్యగారు బల్ల మీది పూలకుండీని ఇటునుంచి అటు జరిపారు. ఆయన ఏదో ఒకటి అంటారని నేను ఎదురుచూశాను. "పోనీ వచ్చే ఏడు..." అని నెమ్మదిగా అన్నారు. "సీజను లేనప్పుడైతే..."

"కాళ్ళు కడిగే గురువారం ప్రతి ఏడు సీజన్లనే వస్తది అయ్యగారూ," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. కానీ మాట మార్చలేదు. మర్నాడు ఆ కబురు చెప్పడానికి ఆయన రాలేదు కూడా, జయరాజ్ సారును పంపారు.

సువర్ణ సందులో బండ మీద కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ బకెట్, పీచు. నేను షాపు వెనక తలుపులో నిలబడి చూస్తున్నాను. జయరాజ్ సారు కూర్చోకుండానే, గొంతు తగ్గించి, చాలా మెత్తగా చెప్పారు.

"నీ కాళ్ళకు పసుపు పోలే గద బిడ్డా. వచ్చే ఏడు చూద్దాం."

సువర్ణ బకెట్ పక్కకు జరిపింది. "పోతది సారూ," అంది. "గురువారం దాంక టైమున్నది గదా. నిన్నటికన్న తగ్గింది, జర చూడున్రి." ఎండలోకి కాలు చాపి చూపించింది.

తగ్గలేదు. అది అక్కడున్న అందరికీ కనిపిస్తూనే ఉంది.

"కమిటీ అనుకున్నది బిడ్డా. మనసుల పెట్టుకోకు."

రత్నవ్వ లోపల్నుంచి వచ్చింది. "మీ ఇండ్లల్ల కూరల ఏసే పసుపు ఎవలు ఏరింది సారూ? అది అంటదా మీకు?" అంది. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు. సువర్ణ ఆయన ముందు ఏడవలేదు. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి, మళ్ళీ పీచు తీసుకుంది. నేను వెళ్ళి దాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"ఇంకెందుకే?" అన్నాను.

"ఒకవేళ తగ్గితే రమ్మంటరేమో అక్కా," అంది.

గురువారం సాయంత్రం సువర్ణ వచ్చింది. తెల్ల చీర, నేను కుట్టిన రవిక. వెళ్ళి తన బెంచీ మీద కూర్చుని కాళ్ళు చీర కుచ్చిళ్ళలోకి లాక్కుంది. ముందు పన్నెండు కుర్చీలు వేశారు. ఆమె కూర్చోవాల్సిన కుర్చీలో జయరాజ్ సారు బావమరిది కూర్చున్నాడు, నిజామాబాద్ నుంచి పండక్కి వచ్చినవాడు. పాటల మధ్య అయ్యగారు ఒక్కొక్కరి దగ్గరికీ మోకాళ్ళ మీద జరుగుతూ నీళ్ళు పోశారు, తువ్వాలుతో అద్దారు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను పాడలేదు. పాడితే నోట్లోంచి ఇంకేదో వచ్చేది.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం, నేను, సువర్ణ, రత్నవ్వ. జాన్ ఫోన్ చేశాడు. వెనక చాలామంది మాటలు వినిపిస్తున్నాయి.

"నువ్వు కనపడలేదేందే? అందరం చూస్తనే ఉన్నం."

నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని. సువర్ణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

"గా ఫోన్ పట్టుకున్నాయన నా దిక్కు తిప్పలే," అంది. "కడిగిన్రు. గప్పుడే అయిపోయింది."

"నిజంగ? ఎట్లనిపించింది?"

"నీళ్ళు సల్లగున్నయి. మస్తు మంచిగనిపించింది."

"అయ్యో, చూడకపోతి," అన్నాడు జాన్. పక్కవాళ్ళకు హిందీలో చెప్పాడు, కడిగారట, కెమెరా అటు తిప్పలేదట అని. వాళ్ళెవరో సంతోషంగా ఏదో అన్నారు. రత్నవ్వ ముఖం అటు తిప్పుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. సువర్ణ రాలేదు. చర్చిలో అందరూ జాలిగా చూస్తారని గోదాముకు పనికి పోయింది. ఆ తర్వాత జరిగింది రత్నవ్వ చెప్పగా విన్నాను. సేటు భార్య వసుమతమ్మ ఎండాకాలంలో మధ్యాహ్నం పూట పనివాళ్ళకు చల్ల తెచ్చి పోస్తుంది. సువర్ణ గ్లాసు తీసుకుని ఒక్క గుక్క తాగి, అక్కడే కక్కుకుంది. వసుమతమ్మ ఆమె ముందు కింద కూర్చుని, తన కొంగుతోనే ముఖం తుడిచి, గడ్డం పట్టుకుని వెలుగుకు తిప్పింది.

"నీ కండ్లేందే గిట్లున్నయి?"

"పసుపమ్మా."

"పసుపు కండ్ల లోపటికెట్ల పోతదే?" అందట ఆమె. "నా పెండ్లైన సంది పసుపుల్నే ఉన్న, నాకు తెల్వదా?"

అప్పటికప్పుడు రత్నవ్వను పిలిపించి ఇద్దరినీ తన కారులో ఎక్కించింది. ఆర్మూర్‌లో చూసిన డాక్టరు చెయ్యి పెట్టనని నిజామాబాద్ పెద్ద దవాఖానకు పంపాడు. కామెర్లు. లివరు పూర్తిగా పాడైందన్నారు. జ్వరం వచ్చినప్పుడే తెచ్చి ఉంటే ఎలాగో చూసేవాళ్ళం, ఈ స్థితిలో హైదరాబాద్ పంపినా దారిలోనే అయిపోతుంది అన్నారు. మేము ఏడు మాటలూ విని, కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చేసరికి నా ఫోన్లో రత్నవ్వ కాల్స్ వరసగా ఉన్నాయి.

ఆరు వారాలు ఆ పిల్ల మా మధ్యే తిరిగింది. ఆదివారం ఆదివారం వచ్చింది. చర్చి అన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి కదా. మా చర్చిలో ఆమె ముఖం చూడాలంటే వెనక్కి తిరగాలి, ఎవరు తిరుగుతారు? చూసిన కొద్దిమందిమీ కాళ్ళే చూశాం. కళ్ళు చూసింది మాత్రం మా చర్చి గడప ఏనాడూ తొక్కని వసుమతమ్మ.

శనివారం నేను దవాఖానకు వెళ్ళాను. గ్లూకోజు ఎక్కుతోంది. దుప్పటి బయట కాళ్ళు, మడమల దగ్గర పీచు గీతలు. నన్ను చూసి నవ్వింది.

"అక్కా, పసుపు కాదట గదా."

"కాదట."

"చూసినవా. ఉత్తగనే రుద్దుకున్న." కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. "జయరాజ్ సారుకు చెప్పక్కా, పసుపు కాదని. నీళ్ళు పచ్చగ కావని. వచ్చే ఏడు రమ్మంటరు గదా అయితే?"

"రమ్మంటరు," అన్నాను. ఇంకేమనాలి?

ఆదివారం ఈస్టరు. తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోట దాకా వెళ్ళి పాటలు పాడారు. సువర్ణ కోసం ప్రార్థన చేయండని అయ్యగారు చెప్పారు. అందరూ చేశారు, కొందరు గట్టిగా ఏడుస్తూ చేశారు. మా చర్చికి ప్రార్థన చేయడం బాగా వచ్చు. ఆ రోజంతా సువర్ణ ఎవరినీ గుర్తుపట్టలేదు. సోమవారం పొద్దున ప్రాణం పోయింది.

మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చారు. జాన్‌కు వెంటనే రావడానికి వీల్లేకపోయింది, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది. ఎండలకు ఆపే పరిస్థితి లేదు. వీడియోలో చూపించమని ఏడ్చాడు. ఇంటి ముందు మంచం మీద పడుకోబెట్టాం. స్నానం చేయించడానికి ఆడవాళ్ళు నీళ్ళు కాస్తున్నారు. నేను ఫోను పట్టుకుని మంచం కాళ్ళ వైపు నిలబడ్డాను. అందులో జాన్ ముఖం, అతని వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మనుషులు.

అప్పుడు సందు మొదట్లో దయాకర్ అయ్యగారు కనిపించారు. చర్చి నుంచి బజారు గుండా నడిచే వచ్చారు. ఆరాధన అంగీ లేదు. చేతుల్లో ఇత్తడి బేసిన్, భుజం మీద తెల్ల తువ్వాలు. ఆయన వెనక జయరాజ్ సారు, చేతిలో నీళ్ళ బిందె. దారిచ్చి పక్కకు జరిగాం.

అయ్యగారు మంచం దగ్గర మట్టిలో మోకరించారు. "అవ్వా, ఈమె కాళ్ళు కడుగుత," అన్నారు.

తల దగ్గర కూర్చున్న రత్నవ్వ, "గురువారం పోయింది అయ్యగారూ," అంది.

"నాకు గప్పుడు ధైర్యం సాలలేదవ్వా."

"మీకు ధైర్యం లేదు. దానికి బతుకు లేదు." రత్నవ్వ కోడలి నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తీసింది. వెళ్ళగొడుతుందనే నేను అనుకున్నాను, వెళ్ళగొట్టాలనే నా మనసులో ఉంది. చివరికి ముసలామె దుప్పటి అంచు ఎత్తి కాళ్ళు బయటికి తీసింది. "కడుగున్రి. మీ కోసమే తోముకున్నది గిన్ని దినాలు. నేను వద్దంటే అది ఊకుంటదా."

జయరాజ్ సారు వంగి నీళ్ళు పోశారు. అయ్యగారు ఒక్కో పాదం దోసిట్లోకి తీసుకుని, వేళ్ళ సందులు, మడమలు, పీచు గీతలు అన్నీ నెమ్మదిగా కడిగారు. మేమందరం బేసిన్‌లోకి చూస్తున్నాం. చూడకుండా ఉండలేకపోయాం.

నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఇత్తడి మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. అయ్యగారు తువ్వాలుతో తుడిచారు. తువ్వాలు తెల్లగానే ఉంది, ఎక్కడా చిన్న మరక లేదు. అంత శుభ్రంగా తోమిన కాళ్ళు ఆ బేసిన్‌లో ఏ ఏడాదీ పడి ఉండవు. పాదాలు మాత్రం పచ్చగా, అలాగే ఉన్నాయి. జయరాజ్ సారు ఖాళీ బిందె పట్టుకుని బేసిన్ వైపే చూస్తూ నిలబడిపోయారు.

నా చేతిలో ఫోన్లోంచి జాన్ గొంతు వచ్చింది. "అవ్వా, మళ్ళెందుకు కడుగుతున్నరు? గురువారం కడిగిన్రు గదా."

అయ్యగారి చేతులు తువ్వాలులోనే ఆగిపోయాయి. ఆయన తల ఎత్తి రత్నవ్వను చూశారు. ఆమె ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు, ఆయన మళ్ళీ ఆ బలిపీఠం ముందు నిలబడలేరు. జయరాజ్ సారు కూడా ఈ సందులోకి మళ్ళీ రాలేరు.

రత్నవ్వ కళ్ళు తుడుచుకుంది.

"కడిగిన్రు బిడ్డా," అంది ఫోను వైపు చూస్తూ. "గా దినం నీకు కనపడలే గదా. ఇప్పుడు చూడు."

"ఆఁ అవ్వా," అన్నాడు జాన్. "ఇప్పుడు కనపడుతున్నది."

నేను ఫోను ఇంకాస్త దగ్గరికి పట్టుకున్నాను.